నదిమీది మేడ, రాత్రికొక గది

హోటలు అను మాట మనకెంత యలవాటైనను, దాని యర్థమును మాత్రము మనము మనకు వలసినట్లు మార్చుకొన్నాము. కాకినాడయందుగాని బెజవాడయందుగాని హోటలనగా ఇడ్డెనలు, కాఫీ, భోజనపు టికెట్టు, అరటియాకు. రాత్రి పండుకొనుటకు గది దొరకు చోటును మనవారు లాడ్జి యందురు. ఈ మాటకు పుట్టినిల్లు ఫ్రాన్సుదేశము. అచట హోటలునందు అన్నము దొరకునను నమ్మకము లేదు. పడక మాత్రమే నిశ్చయము. అదియునుగాక, పురపాలక కార్యాలయమునకు అచట "ఓతెల్ ద విల్" అని పేరు. పూర్వకాలపు ధర్మవైద్యశాలకు "ఓతెల్ ద్యూ", అనగా దేవుని హోటలు. ధనికులు పట్టణములలో కట్టుకొన్న పాతమేడ "ఓతెల్ పర్తిక్యులియే". కావున ఆ దేశమున గోడమీద ఆ మాట కనబడినంత మాత్రమున మూటలు దింపరాదు. ఈ సంగతి మా అత్తగారికి అనుభవముమీద తెలియవచ్చినది. ఆ ముచ్చట ముందు చెప్పెదము.

మా మరిది పారిసునగరమున ఉద్యోగి. 2023వ సంవత్సరపు వేసవి సెలవులలో అత్తగారిని వెంటబెట్టుకొని మావారును మేమును అతనియింట నెలదినములు గడపితిమి. అత్తగారికి డెబ్బదియేండ్లు. వారి పుట్టినిల్లు యానాము. వారు పుట్టిననాటికి యానాము ఇంకను ఫ్రెంచివారి యేలుబడిలోనే యుండెను. మఱుసటియేడు, 1954లో, వారు దానిని విడిచిరి. "నేనును కొన్నినెలలు వీరి ప్రజనే సుమా" అని అత్తగారు విమానము దిగినది మొదలు హాస్యమాడుచుండిరి. వారికి మధుమేహము కలదు. రాత్రి ఎనిమిదిగంటలకు ఇన్సులిను సూదిమందు, వెంటనే అన్నము. ఈ నియమము ఇంటనున్నను దారినున్నను తప్పరాదు. సూది వేసికొని అన్నము తినకున్నను ప్రమాదము. అన్నము తిని సూది మానినను ప్రమాదమే.

మేము చెప్పబోవునది మే నెల 18వ తేది, గురువారమునాటి ప్రయాణము. ఆనాడు క్రైస్తవులకు క్రీస్తు స్వర్గారోహణపు పండుగ; ఈస్టరు మొదలు లెక్కింపగా నలువదవదినమున వచ్చును. గురువారము పండుగ, శని ఆదివారములు సెలవు. నడుమ ఒంటిగా మిగిలిన శుక్రవారమునకు కూడ సెలవు పెట్టి నాలుగుదినములను ఒక్కటిగా కలుపుకొనుట అచటివారికి వాడుక. దీనిని వారు "వంతెన వేయుట" యందురు. దేశమంతయు ఆ వంతెనమీదుగా ఇల్లు విడిచి బయటపడును. మేము చూడబోవుచున్నదియు వంతెనమీద కట్టిన మేడయే.

ముందునాటి రాత్రి ఓర్లియాన్ పట్టణమున నిలిచి, ఉదయము ఎనిమిదిగంటలకు బయలుదేఱితిమి. కారు మా మరిది నడపెను. ప్రక్కన మావారు, వెనుక అత్తగారు, తోడికోడలు, మేము. సుంకము చెల్లించి పోవు వేగరహదారిని విడిచి, ల్వార్ నది కరకట్టవెంట పోవు దారిని పట్టితిమి. ల్వార్ ఫ్రాన్సుదేశపు నదులలోనెల్ల పొడవైనది. వేయి కిలోమీటర్లకు మించును. మన గోదావరి దానికంటె నాలుగువందల కిలోమీటర్లకు పైగా పెద్దది. అయినను నడుమ ఇసుకతిన్నెలు, తిన్నెలమీద పొదలు, ఒడ్డున కరకట్ట, కట్టదిగువన తోటలు చూచి అత్తగారు, "ఇది మన లంకలదారివలె నున్నది" అనిరి. ఈ నదిలోయలో పెద్దభాగమును 2000వ సంవత్సరమున యునెస్కోవారు ప్రపంచ వారసత్వముగా నెన్నుకొనిరి.

బ్ల్వా పట్టణమున రాజప్రాసాదమును చూచుటకు గంటన్నర పట్టినది. దానిని గూర్చి పెక్కుమాటలు వ్రాయము. ఫ్రాన్స్వా రాజు కట్టించిన మెలిక మెట్లదారి, గోడలోనుండి సగము బయటికి పొడుచుకొని వచ్చి, మిక్కిలి సొగసుగా నున్నది. గీజ్ ప్రభువును రాజు మూడవ ఆన్రీ 1588వ సంవత్సరమున చంపించిన గదిని చూపించిరి. జనులు అచటనే గుంపుగట్టి నిలుచుట మాకు రుచింపలేదు. పులిహోర డబ్బాలను నదియొడ్డున విప్పి, భోజనము ముగించుకొని, రెండుగంటలకు షెనొన్సో చేరితిమి.

ఊరు చాల చిన్నది. మేడకు పోవు దారికిరువైపుల ఎత్తయిన చెట్లు బారులుతీరి యున్నవి. ఆ నీడలో నడచి నడచి చివరకు వెలుతురులోనికి వచ్చునప్పటికి తెల్లనిమేడ యెదుట నిలుచును. అది నదియొడ్డున లేదు, నదిలోనే యున్నది. షేర్ అను ఈ నదిలో పూర్వమొక పిండిమర యుండెను. ఆ మర నిలిచిన రాతిపునాదులమీద 1513 మొదలు 1521 వఱకు ఇప్పటి మేడను కట్టిరి. యజమాని తొమా బొహియే యనునతడు రాజుగారి ఆదాయవ్యయములు చూచు నుద్యోగి. ఇటలీదేశపు యుద్ధములవలన అతనికి ఇంటిపట్టున నుండు వీలు చిక్కలేదు. కట్టడపు పనియంతయు అతని భార్య కేథరిన్ బ్రిసొనే దగ్గఱనుండి నడపించినది. నడుమ నడవ, దానికిరువైపుల గదులు, మేడమీదికి తిన్నని మెట్లు. ఆ కాలమున ఆ దేశమున మెట్లనగా బురుజులో గిరగిర తిరుగు మెలికమెట్లే. తిన్నని మెట్లదారులలో మొదటివాని యందిది యొకటి యని చెప్పుదురు. మోకాళ్లనొప్పిగల అత్తగారు కమ్మి పట్టుకొని మెల్లగా పైకెక్కి, "ఈ మెట్లు పెట్టించినది ఆడుదియే. చేతిలో కంచముతో ఎక్కి దిగినవారికిగాని ఈ బుద్ధి పుట్టదు" అనిరి. శిల్పశాస్త్రజ్ఞులు ఏమందురోగాని మాకా మాట సరిగానే తోచినది.

భార్యాభర్తల పేళ్లలోని మొదటి యక్షరములు ఆ మేడపై చెక్కబడి యున్నవి. కాని ఆ దంపతులకు ఆ యింటిసుఖము ఎక్కువకాలము దక్కలేదు. అతడు 1524లోను, ఆమె 1526లోను గతించిరి. లెక్కలలో రాజునకు పడిన బాకీక్రింద కుమారుడు 1535లో మేడను రాజునకు అప్పగించెను.

ఇక సవతుల కథ. రెండవ ఆన్రీ రాజు 1547లో సింహాసనమెక్కి, ఈ మేడను తన ప్రియురాలగు డియాన్ ద పొవాతియేకు కానుకచేసెను. ఆమె రాజుకంటె సుమారిరువదియేండ్లు పెద్దది. పట్టపురాణి కేథరిన్ ద మెడిచీ చూచుచు ఊరకుండెను. మన పురాణమున ఒక్క పారిజాతపుష్పము రుక్మిణికి చేరినందులకే సత్యభామ అలకగృహమున ప్రవేశించినది. ఇచట సవతి చేతికి పోయినది పువ్వు కాదు, నది నడుమ మేడ. డియాన్ చక్కని తోట వేయించినది. వరదనీరు చొరకుండ దానిచుట్టు ఎత్తయిన కట్ట కట్టించినది. మేడనుండి ఆవలియొడ్డునకు ఫిలిబేర్ ద లోర్మ్ అను శిల్పిచేత వంతెన వేయించినది. 1559లో పందెపు పోరులో ఈటెముక్క కంటిలో గ్రుచ్చుకొని రాజు మరణించెను. అంతట రాణి, డియానును ఈ మేడ విడిపించి, మాఱుగా షోమోం అను వేఱొక కోటను ఆమెకిచ్చెను. ఉత్తచేతులతో వెడలగొట్టక మాఱుకోట నిచ్చుటను మావారు మెచ్చుకొనిరి. మా తోడికోడలు మెచ్చుకొనలేదు.

రాజు పేరులోని హెచ్ అక్షరమును రాణి పేరులోని సీ అక్షరమును ఒకదానిలో నొకటి పెనవేసి కప్పులమీద చెక్కించిరి. దూరమునుండి చూచినచో ఆ రెండును కలిసి డియాను పేరులోని డీ అక్షరమువలె కనబడును. పనివాడు తెలిసి చెక్కెనో తెలియక చెక్కెనో చెప్పువారు లేరు. రాణి ప్రతిదినము తలయెత్తి దానిని చూచుచుండవలసివచ్చెను గదా!

వంతెనమీద రెండంతస్తుల పొడుగైన చావడి కట్టించినది ఈ రాణియే, 1576నాటికి పూర్తియైనది. పొడవు అఱువది మీటర్లు, వెడల్పు ఆఱు మీటర్లు, పదునెనిమిది కిటికీలు. నేల నలుపు తెలుపు పలకలతో చదరంగపు బల్లవలె నుండును. కిటికీచెంత నిలిచి చూచినచో కాళ్లక్రిందుగా నది పాఱుచుండును. ఇచట రాణి నాట్యోత్సవములు జరిపించినది. ఆమె 1589వ సంవత్సరము జనవరిలో చనిపోయినది. ఆ యేడే ఆగస్టులో ఆమె కుమారుడు మూడవ ఆన్రీ, ఉదయము మేము చూచిన గదిలో గీజ్ ప్రభువును చంపించిన యా రాజు, తానును కత్తిపోటునకు గుఱియై మరణించెను. అతని భార్య లూయీజ్ ద లొరేన్ ఈ మేడయందే వైధవ్యము గడపినది. రాజవంశపు ఆచారము ననుసరించి ఆమె తెల్లని వస్త్రములే కట్టినది. ఆమె పడకగది మాత్రము నలుపు. గోడలమీద వెండిరంగుతో కన్నీటిబిందువులు వ్రాయబడి యున్నవి. అత్తగారు ఆ గడపకడ క్షణకాలము నిలిచి, లోపలికి రాక వెనుదిరిగిరి. మామగారు పోయి అప్పటికి మూడేండ్లు.

చదువరులకు మేము ముఖ్యముగా చెప్పదలచినది పదునెనిమిదవ శతాబ్దములో వచ్చిన లూయీజ్ డ్యుపెన్ అను నామెను గూర్చి. ఆమె భర్త 1733లో ఈ మేడను కొనెను. వోల్తేరు, మోంతెస్క్యూ మొదలగు పండితులు ఆమె కొలువునకు వచ్చెడివారు. జగద్విఖ్యాతుడగు రూసో కొంతకాలము ఆమెయొద్ద వ్రాతగాడుగా పనిచేసెను. స్త్రీలు పురుషులతో సమానులని నిరూపించుటకై ఆమె ఒక పెద్దగ్రంథము పూనుకొని, అతనిచేత పుటలకు పుటలు వ్రాయించినది. ఆ గ్రంథము ఆమె జీవితకాలమున అచ్చుకాలేదు. వ్రాసిపెట్టిన చేయి లోకమునకెల్ల తెలిసినది. చెప్పి వ్రాయించిన నోటిని ఎఱిగినవారు నేటికిని కొలదిమందియే. 1789లో విప్లవము చెలరేగి ప్రభువుల కోటలనేకములు కూలుచుండగా ఈ మేడ నిలిచినది. చుట్టుప్రక్కల చాలదూరము వఱకు నది దాటుటకు వేఱు వంతెన లేదనియు, మేడను పడగొట్టినచో వంతెన పోవుననియు ఆమె వాదించెనట. ఆమె 1799లో, తొంబదిమూడేండ్ల వయస్సున, ఆ యింటనే కన్నుమూసినది. ఆమె చిత్రపటము నచట చూచితిమి. చిరునవ్వుగల ముఖము.

1913లో చాకొలేటు వ్యాపారులగు మెనియే కుటుంబమువారు ఈ మేడను కొనిరి. మఱుసటియేడు మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. వారు తమ సొమ్ముతో నదిమీది చావడిని వైద్యశాలగా మార్చిరి. నాట్యములాడిన చదరంగపు నేలమీద మంచములు బారుతీరినవి. ఆ యింటికోడలు సిమోన్ మెనియే దాని యాజమాన్యము వహించినది. యుద్ధము ముగియువఱకు రెండువేలమందికి పైగా గాయపడినవారికి అచట చికిత్స జరిగినది. రెండవయుద్ధములో 1940 మొదలు 1942 వఱకు ఈ నదియే జర్మనులు ఆక్రమించిన భాగమునకును మిగిలిన భాగమునకును ఎల్ల. మేడ ముందుతలుపు శత్రువుల నేలమీద, చావడి వెనుకతలుపు ఆవలినేలమీద. ఆ తలుపుగుండ కొందఱు తప్పించుకొని ప్రాణములు దక్కించుకొనిరి. డియాన్ వంతెన వేయించునాడు ఎవరూహించిరి!

వంటయిల్లు చూడక మేడ చూచితిమని మనవారెవ్వరు ననలేరు. అది మెట్లు దిగి, నదిలో నిలిచిన లావుపాటి కంబముల బోలులో నున్నది. సరకులు పడవలమీద తిన్నగా వంటయింటి గుమ్మమునకే వచ్చెడివట. గోడనిండ రాగిపాత్రలు తళతళలాడుచున్నవి. రొట్టెలు కాల్చు పొయ్యి యొకటి, మనిషి నిలుచుటకు చాలునంత వెడల్పుగల రాతిపొయ్యి మఱొకటి. ప్రక్కగదిలో మాంసము వ్రేలాడదీయు కొంకులను చూచి అత్తగారు మొగము త్రిప్పుకొనిరి గాని, రాగిబిందెలను మాత్రము ఒక్కొక్కటిగా లెక్కించిరి. మేడలోని ప్రతిగదియందును అప్పుడే కోసిన పువ్వులు. వానిని అచటి తోటలోనే పండింతురు.

అయిదున్నరకు బయటికి వచ్చుసరికి మరిదికి టెలిఫోనున సందేశము. ఆ రాత్రికి అంబ్వాజ్ పట్టణమున మేము ముందుగా కుదుర్చుకొన్న బసలో నీటిగొట్టము పగిలినదనియు, గదులీయజాలమనియు, సొమ్ము త్రిప్పి పంపెదమనియు దాని సారము. సొమ్ము సరే, ఆ నాలుగుదినముల వంతెనమీద దేశమంతయు దిగియుండగా గది యెచట?

మొదట ఆ చిన్నయూరిలోనే వెదకితిమి. ఫ్రాన్సున హోటలు గుమ్మము ప్రక్కనే ధరల పట్టిక వ్రేలాడును. ఒకటి మొదలు అయిదు వఱకు నక్షత్రములను బట్టి తరగతి తెలియును. కావున లోపలికి పోయి బేరమాడి అవమానపడవలసిన పనిలేదు. కాని ఆనాడు పట్టిక చదువుటకు ముందే మఱొక పలక కనబడుచుండెను. "కొంప్లే", అనగా నిండినది. మూడు గుమ్మములయందును అదే పలక. నాలుగవచోట ఒక్క గది కలదు, ఇద్దఱికి మాత్రమే. మేమైదుగురము సర్దుకొందుమనిన ఒప్పుకొనలేదు. అగ్నిప్రమాదము సంభవించిన చిక్కని, గదికి చెప్పిన సంఖ్యకు మించి మనుష్యులను నిదురింపనీయరు. మన సత్రములలో చాపలు పఱచినట్లు అచట చెల్లదు. వారి నియమము వారికి న్యాయమే. మా యిబ్బంది మాది.

పదునాలుగు కిలోమీటర్ల దూరమున నున్న అంబ్వాజునకు ఆఱున్నరకు చేరితిమి. లెయొనార్డో డా విన్చీ తన కడపటి సంవత్సరములు ఈ పట్టణమున గడపి 1519లో ఇచటనే మరణించెను. ఆ యిల్లు చూడవలెనని మావారు ఎన్నినాళ్లనుండియో మనసుపడియుండిరి. ఆనాడు ఆ వీధిమొగమున కారు నిలుపనైనలేదు. వారు నోరెత్తి అడుగనును లేదు. ఇంతలో అత్తగారు ఒక భవనముమీది పెద్దయక్షరములను కూడబలుకుకొని, "అదిగో, హెచ్, ఓ, టీ, ఈ, ఎల్. హోటలు! జెండాకూడ కట్టినారు. పెద్దదే" అని సంతోషపడిరి. అది ఓతెల్ ద విల్, పురపాలక కార్యాలయము. "జెండా కట్టిన హోటలున గది దొరకవలెనన్న వోట్లు కావలెనమ్మా" అని మరిది అనగా, ఆ చిక్కులోను అందఱము నవ్వితిమి.

యాత్రికులకు సమాచారము చెప్పు కార్యాలయము ఇంకను తెఱచియుండెను. అచటి యువతి ఓపికతో అయిదాఱు చోట్లకు టెలిఫోను చేసినది. అన్నియు నిండినవి. చివరకు, షేర్ నది కెగువన మోంత్రిషార్ దగ్గఱ, కొండలో తొలిచిన యింట ఒక ముసలామె అతిథులకు గదులిచ్చుననియు, ఆమె టెలిఫోను ఎత్తుటలేదనియు, పోయి అడుగుటలో తప్పులేదనియు చెప్పినది. ఊరివెలుపల మనుష్యులులేని హోటలొకటి త్రోవలో తగిలినది. గుమ్మముకడ ఒక యంత్రము. కార్డు చొప్పించినచో తలుపు సంకేతము చెప్పును. ఆ యంత్రమును "నిండినది" యనియే పలికినది.

గంట ఏడుంబావు దాటినది. మే నెలలో అచట సూర్యుడు తొమ్మిది దాటిన తరువాతగాని అస్తమింపడు. ఎండ తెల్లగా కాయుచుండగా మనకింకను ప్రొద్దున్నదనిపించును. కాని సూదిమందునకు సూర్యునితో పనిలేదు, గడియారముతోనే పని. బియ్యమున్నవి, తోడికోడలు తెచ్చిన విద్యుత్తుకుండ యున్నది, దానిని తగిలించుటకు గోడ లేదు. పులిహోర మధ్యాహ్నమే అయిపోయినది. పండుగదినమగుటచే దుకాణములు మూసిరి. దారిలో కనబడిన భోజనశాలలో మాంసము కలియని వంటకము ఆకుల కలగలుపు మాత్రమే. దానిని నమ్మి ఇన్సులిను వేయుటెట్లు? అత్తగారు మాటలాడుట మానిరి. చేయి పట్టుకొని చూడగా చల్లగా చెమర్చియుండెను. సంచిలో మిగిలిన ఆపిలుపండును ముక్కలుగా కోసి తినిపించితిమి. "నాకేమియు లేదు, పిల్లవానిని తొందరపెట్టకుడు" అని వారనిరి. మరిది ముందుచూపు చూచుచు కారు నడపుచుండెను. అతని మెడనరములు బిగిసియుండుట వెనుకనుండి మాకు కనబడుచుండెను.

మేము చేరునప్పటికి ఎనిమిది కావచ్చినది. ఆ ప్రాంతపు కొండలు తుఫో అను మెత్తని సున్నపురాయి. ల్వార్ లోయలోని తెల్లమేడలకెల్ల ఆ రాయియే ఆధారము. రాయి తీసిన బొఱియలు కొండలలో మిగిలినవి. కొన్నిటిలో ద్రాక్షసారాయి పీపాలుంచుదురు, కొన్నిటిలో పుట్టగొడుగులు పెంచుదురు, కొన్నిటికి ముందుగోడయు తలుపును పెట్టి కాపురములున్నారు. వేసవియందు చల్లగాను శీతకాలమున వెచ్చగాను ఉండును. అట్టి యొక యింటిముందు గులాబితీగె క్రింద ఆ ముసలామె మొక్కలకు నీరు పోయుచుండెను. టెలిఫోను లోపల మ్రోగినది ఆమెకు వినబడలేదట.

ఇట్లు ఇంటనే గదులిచ్చువారు అయిదు గదులకు మించియు, పదునైదుగురికి మించియు ఈయరాదని ఆ దేశపు చట్టము. ఆమెకు నాలుగు గదులు, నాలుగును నిండినవి. అయిదవది కూతురి గది. శనివారము కూతురు వచ్చును. పక్కగుడ్డలు కూడ మార్చిపెట్టినది. తోడికోడలు ఫ్రెంచిభాషలో బ్రతిమాలుచుండగా ఆమె లేదు లేదని తల యాడించుచుండెను. అప్పుడు అత్తగారు కారు తలుపు తెఱచుకొని, కాళ్లు నేలకు దింపి, కూర్చున్నచోటినుండియే చేతులు జోడించి, "బొంజూర్, మదాం" అనిరి. యానాములో తమ తండ్రిగారివలన నేర్చిన రెండుమాటలలో అది యొకటి. రెండవది "మెర్సీ".

ఆమె దగ్గఱకు వచ్చి, ఎచటివారని అడిగినది. యానామున పుట్టినారని తోడికోడలు చెప్పినది. "యనాఓన్?" అని ఆ ముసలామె నీళ్లడబ్బా క్రిందపెట్టి, చిన్నపిల్ల పాఠమొప్పగించినట్లు, "పాండిచేరి, కారైకాలు, యానాము, మాహే, చంద్రనగరు" అని ఒక్క గ్రుక్కలో చదివినది. ఆమె బడికి పోవుకాలమున ఇండియాలోని ఈ అయిదు పేళ్లను ఫ్రెంచిపిల్లలచేత వల్లెవేయించెడివారట. డెబ్బదియేండ్లుగా నోటనుండి, ఏనాడును పనికిరాని పాఠమది.

"ఈమె ఏమి తినును?" అన్నది ఆమె రెండవప్రశ్న. గది సంగతి తరువాత చెప్పుదుననెను. మేము అన్నమనియు, సూదిమందనియు చెప్పితిమి. ఆమె భర్తకును అదే జబ్బుండెనట. ఇక మాటలక్కఱలేకపోయెను. వంటయింటి తలుపు తెఱచి, గోడలోని విద్యుత్తుమీట చూపించినది. ఆ గోడ కొండయే. చేతితో తాకిన సుద్దవలె నుండెను. ఇరువదియైదు నిమిషములలో అన్నము ఉడికినది. ఆమె తోటలోని చిక్కుళ్లను తోడికోడలు ఆవాలు, మిరపకాయలు వేసి వేయించినది. పోపుఘాటునకు తక్కిన గదుల యతిథులు ఒకరొకరే తొంగిచూచి పోయిరి. అన్నము కంచములో పెట్టిన తరువాతనే సూది వేసితిమి. గంట ఎనిమిదిన్నర దాటినది. నాలుగుముద్దలు తిన్న పిదప అత్తగారి మొగమునకు తేట వచ్చినది. ముసలామె ఎదుట కూర్చుండి, మేకపాల చీజు ముక్కలు పళ్లెములో పెట్టి ముందుకు జరిపినది. పాలు విఱుచుటకు ఏమి వేయుదురని అత్తగారు అడిగించిరి. దూడ కడుపులోని పదార్థమని ఆమె దాపరికములేక చెప్పినది. అత్తగారు పళ్లెమునకు నమస్కరించి వెనుకకు జరిపిరి. ఆమె ఏమాత్రము కష్టపెట్టుకొనక తానే తిన్నది.

కూతురి గది మా ఆడవాండ్రకు ముగ్గురకిచ్చినది. మావారికిని మరిదికిని పొయ్యిగదిలో పాతసోఫాలు దొరకినవి. మావారు మఱునాడు నడుమునొప్పి యని చెప్పిరిగాని, రాత్రి వారి గుఱ్ఱుపాట కొండలో ప్రతిధ్వనించుచుండెను. అట్టి యిండ్లలో ఉదయపు ఫలహారము గది ధరలోనే చేరును. తలకింత యని ఊరికి చెల్లు పన్ను వేఱు. ఆమె ఒక్క గదికి మాత్రమే సొమ్ము తీసికొని, పుస్తకములో పేళ్లు వ్రాసికొన్నది. సోఫాలకు ధర లేదట.

పండుకొనబోవునప్పుడు అత్తగారు మా పెట్టె తెఱిపించి, మరిదికై తెచ్చిన ఆవకాయసీసాలలో నొకటి తీయించి ఆమె చేతికిచ్చిరి. ఆమె మూత తీసి వాసన చూచి, రొట్టెముక్కమీద ఆవగింజంత వ్రాసి నోట వేసికొన్నది. కన్నుల నీళ్లు తిరిగినవి; అయినను రెండవముక్క తిన్నది. దీనిని ద్రాక్షసారాయితోపాటు లోపలి గుహలో నుంచవలెనా యని అడిగినది. ఎచటనుంచినను సరేగాని తడిచెంచా మాత్రము పెట్టవలదని చెప్పుమని అత్తగారు తోడికోడలితో రెండుసార్లు చెప్పించిరి.